ఒకే మాత్ర, ఒకే మోతాదు: తమ్ముడికి బీపీ దిగింది, నాకు దిగలేదు. ఎందుకు?

పెద్దోడు_58
నాకు 58 ఏళ్ళు, మా తమ్ముడికి 45. రెండు నెలల తేడాలో ఇద్దరికీ బీపీ అని తేలింది. డాక్టర్లు వేరు, రాసిన మందు మాత్రం ఒకటే: టెల్మిసార్టాన్ 40. వాడికి మూడు వారాలు తిరిగేసరికి 124/78. నాకు ఏడో వారం నడుస్తోంది, పొద్దున చూస్తే 152/90, సాయంత్రం 148/86. ఒక్క రోజు కూడా మానలేదు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే మాత్ర మింగుతున్నాం.

"నీకు పవర్ చాల్లేదన్నయ్యా, 80 రాయించుకో" అంటాడు వాడు. నాకేమో మందు నకిలీదేమోనని అనుమానం. ఒకరికి పనిచేసిన మాత్ర ఇంకొకరికి ఎందుకు పనిచేయదు? దయచేసి "ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది" అని మాత్రం చెప్పకండి. అది నాకూ తెలుసు.

తూనీగ
నకిలీ అనుమానం నాకూ వచ్చిందండి ఒకప్పుడు. వేరే బ్యాచ్ కొన్నాను, వేరే కంపెనీది కొన్నాను, అంకె కదల్లేదు. ఆ దారిలో వెతకడం ఆఖరున పెట్టుకోండి.

ఫార్మా_పంతులు
పెద్దోడు గారూ, మీరు వద్దన్న జవాబు ఇవ్వను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బీపీ జ్వరం లాంటిది. థర్మామీటర్ 102 చూపిస్తే అది మలేరియానా, టైఫాయిడా అన్నది ఆ అంకె చెప్పదు. 160 కూడా అంతే. ఒకరిలో ఒంట్లో ఉప్పూనీరూ ఎక్కువై పీడనం పెరుగుతుంది. ఇంకొకరిలో సన్నటి ధమనులు బిగుసుకుపోయి పెరుగుతుంది. మూడో మనిషిలో గుండె వేగంగా, గట్టిగా కొట్టడం వల్ల. చాలామందిలో ఈ మూడూ తలో పాలు. ఒక్కో రకం మాత్ర ఒక్కోచోట పట్టుకుంటుంది.

ఇప్పుడు మీ మందు దగ్గరికి వద్దాం. తమలోకి రక్తం సరిగ్గా రావట్లేదు అనిపిస్తే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాన్ని 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండాల్లో పట్టుకున్నారు. రెనిన్ వల్ల చివరికి యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. అది రక్తనాళాల్ని బిగిస్తుంది, ఉప్పును ఒంట్లోనే ఆపమంటుంది. టెల్మిసార్టాన్ చేసే పనల్లా ఆ యాంజియోటెన్సిన్ వచ్చి కూర్చునే చోటుకి అడ్డం పడటమే.

ఎవరి ఒంట్లో రెనిన్ జోరుగా ఉందో, వాళ్ళకి ఈ అడ్డంకి బాగా తెలుస్తుంది. రెనిన్ అప్పటికే నిద్రపోతున్న మనిషికి ఈ మాత్ర ఇస్తే, రాని దొంగ కోసం తలుపుకి తాళం వేసినట్టే. వయసు పెరిగేకొద్దీ రెనిన్ తగ్గుతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి. మీకూ మీ తమ్ముడికీ మధ్య 13 ఏళ్ళున్నాయి. ఒక తల్లి కడుపున పుట్టిన మాట నిజమే గానీ, మీ మూత్రపిండాలు ఆయనకంటే 13 ఏళ్ళు ఎక్కువ పనిచేశాయి.

అమెరికాలో జాన్ లారా అనే వైద్యుడు దశాబ్దాలపాటు ఈ మాటే పట్టుకుని కూర్చున్నాడు: ముందు రెనిన్ కొలవండి, తర్వాత మందు రాయండి అని. అందరూ ఒప్పుకోలేదు. కానీ ఆ ఆలోచన నీడ ఇప్పటికీ ఉంది. బ్రిటన్ మార్గదర్శకాల్లో 55 ఏళ్ళ లోపు వాళ్ళకి మీ మందు జాతివి, 55 దాటితే రక్తనాళాల్ని తెరిచే ఆమ్లోడిపిన్ జాతివి ముందు రాస్తారు. షుగర్ ఉంటే లెక్క వేరు, అప్పుడు ఏ వయసులోనైనా మీ మందు జాతే ముందు.

పెద్దోడు_58
పంతులు గారూ, తాళం మాట బాగుంది. అంటే నాకు రాసిన మందే తప్పా?

ఫార్మా_పంతులు
తప్పు అనను. షుగర్, మూత్రంలో ప్రోటీన్, గుండె బలహీనత లాంటివి ఉంటే ఏ వయసులోనైనా ఈ జాతి మందే ముందు రాస్తారు. మీ డాక్టర్ ఏం చూసి రాశారో నాకు తెలియదు. పైగా 55 అన్నది జనాభా సగటు మీద గీసిన గీత. గీతకి ఇవతలా అవతలా బోలెడంతమంది లెక్క తప్పిన వాళ్ళుంటారు.

లెక్కల_మాస్టారు
అందరూ కారణాలు వెతుకుతున్నారు గానీ, ముందు తేడా ఉందో లేదో ఎవరూ అడగలేదు. పెద్దోడు గారూ, మాత్ర మొదలుపెట్టే ముందు మీ అంకె ఎంత? మీ తమ్ముడిది ఎంత?

పెద్దోడు_58
నాది 164/96. వాడిది 142/90 అనుకుంటా. ఉండండి, ఫోన్ చేసి అడుగుతా... 142/90నే.

లెక్కల_మాస్టారు
చూశారా! ఆయనకి పైది 142 నుంచి 124కి వచ్చింది, 18 దిగింది. మీకు 164 నుంచి 150 ప్రాంతానికి వచ్చింది, 14 దిగింది. "నాకు దిగలేదు" అంటున్నారు గానీ దిగింది. బీపీ మందు ఏదైనా ఒకటి మామూలు మోతాదులో వేసుకుంటే, ఉత్తుత్తి మాత్ర కంటే సగటున 9 పాయింట్లు ఎక్కువ దిగుతుంది. అంతే. ఒక్క మాత్రతో 164ని 124 చేయాలనుకోవడం మాత్ర తప్పు కాదు, మన ఆశ తప్పు.

ఇంకో తిరకాసు. బీపీ అనేది గంటగంటకీ మారే సరుకు. మందు లేకుండానే ఒక మనిషిలో ఇవాళ్టికీ రేపటికీ 10 పాయింట్లు తేడా రావడం మామూలు. పైగా అంకె బాగా ఎక్కువున్న రోజునే మనం ఆసుపత్రికి పరిగెడతాం, మళ్ళీ కొలిస్తే దానంతటదే కొంత దిగుతుంది. ఆ ఘనత మాత్రకి పోతుంది. మీ తమ్ముడి 18లో ఎంత మందుదో, ఎంత కాలానిదో ఆయనకే తెలియదు.

తూనీగ
మాస్టారూ, అలాగైతే "నాకు ఈ మందు పడుతుంది, ఆ మందు పడదు" అనేదంతా భ్రమేనా? నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు
భ్రమ అనలేదమ్మా. అది భ్రమో కాదో తేల్చాలంటే ఒకే మనిషికి ఒక్కో మందూ ఇచ్చి, మళ్ళీ అదే మందు రెండోసారి ఇచ్చి చూడాలి. రెండుసార్లూ ఒకేలా స్పందిస్తేనే అది ఆ మనిషి గుణం. స్వీడన్‌లో అలాగే చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. 280 మంది; లిసినోప్రిల్, క్యాండెసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్, ఆమ్లోడిపిన్ అనే నాలుగు బీపీ మందులు. ఒక్కొక్కరికీ వంతులవారీగా, కొన్ని మందులు రెండేసి సార్లు. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకి తెలియకుండా.

తేలిందేమిటంటే, మీ మాటే గెలిచింది. మనిషికి తగ్గ మందు ఎంచుకుంటే సగటున ఇంకో 4.4 పాయింట్లు అదనంగా దిగే వీలుందని లెక్క తేలింది. అయితే లిసినోప్రిల్‌కీ క్యాండెసార్టాన్‌కీ మధ్య ఎంపికతో పెద్దగా ఒరిగిందేమీ లేదు, ఆ రెండూ ఒకే గొలుసు మీద పనిచేసేవి కాబట్టి. ఆ జట్టుకీ మిగతా రెండింటికీ మధ్య ఎంపికలోనే లాభం. మొదటి మాటగా నేను అనుమానపడతాను, లెక్క వస్తే ఒప్పుకుంటాను.

గుడ్లగూబ
జన్యువుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపిస్తే ఏ మందు పడుతుందో చెబుతారట. పెద్దోడు గారు, తమ్ముడు గారు చేయించుకుంటే సరి.

ఫార్మా_పంతులు
గుడ్లగూబ గారూ, దీనికి ఒక కథ ఉంది, క్లాసులో ఏటా చెబుతాను. 1970ల్లో డెబ్రిసోక్విన్ అనే బీపీ మందు ఉండేది. లండన్‌లో రాబర్ట్ స్మిత్ అనే ఔషధ శాస్త్రవేత్త, ఆయన ప్రయోగశాల వాళ్ళూ దాన్ని మింగి, ఒంట్లో అది ఎలా విరుగుతుందో చూద్దామనుకున్నారు. అందరూ ఒకే మోతాదు తీసుకున్నారు. మిగతావాళ్ళకి ఏమీ కాలేదు. స్మిత్ గారు మాత్రం నిలబడలేక కూలబడ్డారు, బీపీ అమాంతం పడిపోయింది. మూత్రం పరీక్షిస్తే ఆయన కాలేయం ఆ మందును దాదాపు ముట్టుకోనేలేదని తేలింది. ఆ పని చేసే ఎంజైమునే ఇప్పుడు సిప్ 2డీ6 అంటున్నాం. ఐరోపా సంతతి వాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికి అది పనిచేయదు.

మెటోప్రొలోల్ అనే బీపీ మందు కూడా ఆ దారిలోనే విరుగుతుంది. ఆ ఎంజైము లేనివాళ్ళ రక్తంలో అదే మోతాదుకి మందు కొన్ని రెట్లు ఎక్కువ నిలుస్తుంది, నాడి బాగా నెమ్మదిస్తుంది. హైడ్రాలజిన్ అనే బీపీ మందుకి ఇంకో ఎంజైము. దాన్ని నెమ్మదిగా విరిచేవాళ్ళకి కీళ్ళ నొప్పులు, లూపస్ లాంటి జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. లోసార్టాన్‌ది తిరగబడ్డ వ్యవహారం. కాలేయం దాన్ని మార్చాకే అసలు బలం వస్తుంది.

ఇంత చెప్పి అసలు మాట: టెల్మిసార్టాన్‌కి ఈ సిప్ ఎంజైములతో పనే లేదు. అది పిత్తంతో కలిసి బయటికి పోతుంది. కాబట్టి పెద్దోడు గారు ఉమ్మి పంపినా ఈ ప్రశ్నకి జవాబు రాదు. అసలు బీపీని నడిపేవి వందల జన్యువులు, ఒక్కొక్కటి చేసేది ఆవగింజంత. కొలిచేది ఏముంటుంది?

గుడ్లగూబ
సరే, ఉమ్మి దాచుకుంటాను 😄 గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు) రసం సంగతి కూడా ఇలాంటిదేనా?

ఫార్మా_పంతులు
దాని సోదరుడు. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద సారాయి ప్రభావం చూద్దామని, రుచి తెలియకుండా ఉండటానికి ఆ రసంలో కలిపి ఇచ్చారు. సారాయి సంగతి దేవుడెరుగు, ఆ రసం వల్లే రక్తంలో మందు కొన్ని రెట్లు పెరిగిందని 1989లో బయటపడింది. పేగు గోడలో మందును విరిచే ఎంజైమును ఆ రసం పనిచేయనివ్వదు. ఆమ్లోడిపిన్‌కి ఈ బెడద చాలా తక్కువ.

నర్స్_అక్క
మీ చర్చ బాగుంది గానీ బాబూ, ఇంతసేపూ పెద్దోడు గారి చేతికి ఏ కఫ్ (బీపీ మిషన్ పట్టీ) కట్టారో ఎవరైనా అడిగారా? ఇరవై రెండేళ్ళుగా బీపీ చూస్తున్నాను. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. చెయ్యి గాల్లో వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, మాట్లాడుతూ కొలిపించుకున్నా ఎక్కువే. అయిదు నిమిషాలు ఊరకే కూర్చోండి, వీపుకి ఆనిక ఉండాలి, పాదాలు నేలమీద, చెయ్యి బల్లమీద గుండె ఎత్తులో. రెండుసార్లు చూడండి.

రెండో ప్రశ్న. ఆ బీపీ మాత్ర కాకుండా ఇంకేం వేసుకుంటున్నారు? మాత్రల డబ్బా మొత్తం మంచం మీద బోర్లించి, ఒక్కొక్కటీ చదివి ఇక్కడ రాయండి. చీటీ లేకుండా కొన్నవి కూడా.

పెద్దోడు_58
అక్కా, కఫ్ సరిపోయిందే, చేతికి తగ్గదే కొన్నాను. డబ్బాలో ఉన్నవి: టెల్మిసార్టాన్, ఒక విటమిన్, గ్యాస్‌కి ఒకటి. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, రోజూ రెండు పూటలా. నాలుగైదు నెలలుగా. అది బీపీది కాదు కదా అని ఇంతకుముందు రాయలేదు.

నర్స్_అక్క
అదిగో. మీ డాక్టర్‌కి చెప్పారా?

పెద్దోడు_58
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫార్మా_పంతులు
అక్కకి దండం. నేను రెనిన్ దగ్గర మొదలుపెట్టి లండన్ దాకా వెళ్ళొచ్చాను, ఆవిడ మంచం మీదే పట్టేసింది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవకుండా ఆపుతాయి. నొప్పి తగ్గేది అందుకే. కానీ మూత్రపిండాల్లో ఉప్పును బయటికి పంపడానికి, అక్కడి రక్తనాళాల్ని తెరిచి ఉంచడానికి కావలసినవీ అవే. కాబట్టి ఒక చేత్తో మీరు బీపీని దించుతున్నారు, రెండో చేత్తో ఎత్తుతున్నారు. టెల్మిసార్టాన్ జాతి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ళ మాత్రలు ఈ దెబ్బకి బాగా నీరసిస్తాయి, ఆమ్లోడిపిన్ అంతగా కాదు. అంకె పెరగడం ఒక ఎత్తయితే, టెల్మిసార్టాన్, నీళ్ళ మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే మూత్రపిండాలే దెబ్బతినొచ్చు. నొప్పికి బదులు ఏం వాడాలో డాక్టర్‌ని అడగండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం కూడా ఓసారి చూడమనండి.

ముక్కుదిబ్బడ మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు, అతిమధురం కూడా ఈ ఎత్తే జాబితాలోవే.

మౌనవ్రతం
ఈ వేదికలో రెండేళ్ళుగా చదవడమే, రాయడం ఇదే మొదలు. నా కథ చెబుతాను, తిట్టకండి.

నాకు ఒక మాత్ర రాశారు. నేను వారంలో రెండు రోజులు వేసుకునేవాణ్ణి. బాగానే ఉన్నాను కదా, ఎందుకులే అని. అంకె దిగలేదు. డాక్టర్ రెండోది కలిపారు, దానికీ అదే గతి. మూడోది కలిపారు. "మీది మొండి బీపీ" అన్నారు. నేను తల ఊపాను. తర్వాత వేరే ఏదో ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాను. అక్కడ నర్సు నా చీటీ చూసి మూడు మాత్రలూ పొద్దున్నే చేతిలో పెట్టి, మింగేదాకా కదల్లేదు. మధ్యాహ్నానికి 88/50. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. అందరూ కంగారు పడుతున్నారు, నాకు మాత్రమే కారణం తెలుసు, చెప్పడానికి సిగ్గు.

నర్స్_అక్క
తిట్టేదేముంది బాబూ, ఇలాంటివాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. చెప్పేసినందుకు సంతోషం. మందు పనిచేయట్లేదని అన్న ప్రతిసారీ నేను మొదట అడిగేది అదే, కాకపోతే "వేసుకుంటున్నారా" అని అడగను. "వారంలో ఎన్ని రోజులు మరిచిపోతుంటారు" అని అడుగుతాను. అప్పుడు నిజం వస్తుంది.

లెక్కల_మాస్టారు
కొన్ని దేశాల్లో మొండి బీపీ అన్నవాళ్ళ మూత్రంలో మందు ఆనవాళ్ళు వెతికే పరీక్ష చేస్తున్నారు. మందులు సరిగ్గా వేసుకోనివాళ్ళే పెద్ద సంఖ్యలో దొరుకుతున్నారు. అలాంటివాళ్ళకి "స్పందన లేదు" అని రాస్తే అది మందు ఖాతాలో పడ్డ అపవాదు.

తూనీగ
మానేయడానికి కారణం కూడా ఒక స్పందనే కదా మాస్టారూ. నాకు మొదట ఇచ్చింది రామిప్రిల్. మూడో వారం నుంచి పొడి దగ్గు, రాత్రంతా. టీబీ అని భయపడి ఎక్స్‌రే తీయించుకున్నాను. తర్వాత ఆమ్లోడిపిన్ 10. బీపీ దిగింది, చీలమండలు ఉబ్బాయి, చెప్పులు పట్టలేదు. వాపుకి నీళ్ళ మాత్ర ఇచ్చారు. వాపు తగ్గలేదు, రాత్రి నాలుగుసార్లు లేవడం మాత్రం మిగిలింది. ఇవన్నీ ఎవరికి వస్తాయో ముందే చెప్పలేరా?

ఫార్మా_పంతులు
దగ్గు సంగతి: రామిప్రిల్ లాంటివి ఆపే ఎంజైము రెండు పనులు చేస్తుంది. యాంజియోటెన్సిన్‌ని తయారుచేస్తుంది, బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరుస్తుంది. దాన్ని ఆపితే బ్రాడీకైనిన్ పోగుపడి గొంతు గీరుతుంది. ఆడవాళ్ళలో, తూర్పు ఆసియా వాళ్ళలో ఎక్కువ. ఫలానా మనిషికి వస్తుందని ముందే చెప్పే పరీక్ష మాత్రం వాడుకలో లేదు.

వాపు సంగతి: ఆమ్లోడిపిన్ ధమనుల్ని తెరుస్తుంది, సిరల్ని అంతగా తెరవదు. లోపలికి వచ్చే దారి వెడల్పయింది, పోయే దారి అలాగే ఉంది. సన్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు, అందుకే నీళ్ళ మాత్రకి లొంగలేదు. మోతాదు తగ్గిస్తే, లేదా టెల్మిసార్టాన్ జాతి జోడిస్తే తగ్గుతుంది, అవి సిరల్ని కూడా తెరుస్తాయి కాబట్టి.

గుడ్లగూబ
మనుషుల జాతిని బట్టి మందు మారుతుంది అంటారు. నల్లవాళ్ళకి రామిప్రిల్ పనిచేయదని చదివాను.

ఫార్మా_పంతులు
"పనిచేయదు" కాదు, ఒంటరిగా ఇస్తే సగటున తక్కువ దించుతుంది. 2019లో ఆఫ్రికాలోని ఆరు దేశాల్లో చేసిన క్రియోల్ పరీక్షలో ఆమ్లోడిపిన్ ఉన్న జంటలు, అది లేని జంట కంటే మెరుగ్గా దించాయి. అయితే చర్మం రంగు చూసి ఒక మనిషి రెనిన్ ఎంతో చెప్పడం, పేరు చూసి జాతకం చెప్పినట్టే. రంగుని బట్టి గీసే గీత మీద నాకు పెద్ద గౌరవం లేదు.

పెద్దోడు_58
మరి మా తమ్ముడి సలహా సంగతి? 80?

లెక్కల_మాస్టారు
2009లో 42 పరీక్షల్లోని దాదాపు 11,000 మంది లెక్కలు కలిపి చూశారు. ఉన్న మందు మోతాదు రెట్టింపు చేస్తే వచ్చే లాభం కంటే, ఇంకో జాతి మందు జోడిస్తే వచ్చే లాభం దాదాపు 5 రెట్లు. ఎందుకో పంతులు గారే చెప్పాలి.

ఫార్మా_పంతులు
తాళం వేసిన తలుపుకి రెండో తాళం ఎందుకు? అంతేకాదు, ఒళ్ళు ఊరుకోదు. రక్తనాళాల్ని తెరిస్తే గుండె వేగం పెంచి, ఉప్పును ఆపి పాత అంకెకే లాగాలని చూస్తుంది. నీళ్ళ మాత్ర ఇస్తే రెనిన్ ఎగబాకుతుంది. ఆ ఎగబాకిన రెనిన్‌ని పట్టుకోవడానికి టెల్మిసార్టాన్ ఉంటే, అప్పుడు దానికి నిజంగా పని దొరుకుతుంది. ఒంటరిగా తేలిపోయిన మందు జంటలో ఎందుకు రాణిస్తుందో ఇదీ రహస్యం.

మోడరేటర్
చిన్న మనవి. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మార్చడం, ఆపడం చేయకండి. ముఖ్యంగా క్లోనిడిన్, బీటా బ్లాకర్లు (మెటోప్రొలోల్ లాంటివి) ఒక్కసారిగా ఆపితే బీపీ ఎదురు తన్నుతుంది.

పెద్దోడు_58 (అయిదు వారాల తర్వాత)
కబురు చెబుదామని వచ్చాను. డైక్లోఫెనాక్ సంగతి డాక్టర్‌కి చెప్పాను. ఆయన నన్ను కాసేపు అలా చూసి, దాన్ని ఆపించారు. మోకాలికి పైపూత, కండరాల వ్యాయామం రాశారు. క్రియాటినిన్ బాగానే ఉంది. మూడు వారాలకి సగటు 141/85. తర్వాత ఆమ్లోడిపిన్ 5 కలిపారు. ఈ వారం పొద్దుటి సగటు 129/79. మోకాలు మాత్రం మూలుగుతూనే ఉంది, దానికి వేరే చర్చ పెడతాను.

మందు నాకు పనిచేసిందా, నొప్పి మాత్ర ఆపడం పనిచేసిందా, మాస్టారు అన్నట్టు కాలమే పనిచేసిందా, తెలియదు. తమ్ముడికి చెబితే "నే చెప్పిన 80 వేసుకుని ఉంటే ఎప్పుడో తగ్గేది" అంటున్నాడు.

లెక్కల_మాస్టారు
పొద్దుటి అంకెలన్నీ రాసి ఉంచారా? ఉంటే నాకు పంపండి, గీత గీసి చూపిస్తాను.

మౌనవ్రతం
పెద్దోడు గారూ, సంతోషం. నాది ఇంకోలా తిరిగింది. ఇప్పుడు మూడూ రోజూ వేసుకుంటున్నాను, ఒట్టు. ఆసుపత్రిలో మత్తుమందులూ ఉపవాసమూ కలిసి 88 చూపించిందట, ఇంటికొచ్చాక మళ్ళీ 150 పైనే. పొటాషియం 3.2 వచ్చింది, తక్కువట. డాక్టర్ ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ కలిపి పరీక్ష రాశారు. ఇదేమిటి?

ఫార్మా_పంతులు
మంచి డాక్టర్ దొరికారు, వదలకండి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి అదుపు లేకుండా ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ వదిలితే ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది, రెనిన్ అణగిపోతుంది. 1950ల్లో జెరోమ్ కాన్ వర్ణించిన జబ్బు. అరుదని చాలాకాలం అనుకున్నారు, కాదు. మొండి బీపీ వాళ్ళలో తరచుగానే దొరుకుతుంది. 2015లో పాత్‌వే-2 పరీక్షలో, మూడు మందులకీ లొంగని 335 మందికి స్పైరోనోలాక్టోన్, బిసోప్రొలోల్, డోక్సజోసిన్ వంతులవారీగా ఇచ్చి చూశారు. ఆల్డోస్టెరాన్‌కి అడ్డం పడే స్పైరోనోలాక్టోన్ గెలిచింది, రెనిన్ తక్కువున్నవాళ్ళలో మరీ ఎక్కువగా.

పరీక్షకి ముందు పొటాషియం సరిచేస్తారు. మీరు వేసుకునే మూడు మందుల పేర్లూ రక్తం తీసేవాళ్ళకి కాదు, రాసిన డాక్టర్‌కి మళ్ళీ ఒకసారి చదివి వినిపించండి. కొన్ని ఆ అంకెల్ని తారుమారు చేస్తాయి. ఏది కొనసాగించాలో, ఏది మార్చాలో ఆయనే చెప్పాలి.

నర్స్_అక్క
వేసుకోని రోజులు కూడా చెప్పు బాబూ ఈసారి.

మౌనవ్రతం
చెబుతాను అక్కా. మొన్న ఆదివారం ఒక్కటి.